బ్లూగిల్ కోసం ఏ ఫ్లై కట్టాలి? పురుగు పోలిక కన్నా నీటిలో దిగే తీరు ముఖ్యం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. టెక్సస్‌లోని రౌండ్ రాక్‌కు కొత్తగా వచ్చారు. చిన్నప్పుడు ఊరి చెరువులో గాలానికి వానపామును గుచ్చి పరిగెలు పట్టిన అలవాటుంది. ఇక్కడ 5వ నంబరు ఫ్లై రాడ్డు, ఫ్లైలు (హుక్కు మీద ఈకలు, దారంతో కట్టే పురుగుల్లాంటి ఎరలు) కట్టుకునే కిట్ కొన్నారు. ట్రౌట్ చేపల వీడియోలు చూసి 18వ నంబరు, అంటే చాలా చిన్న హుక్కుల మీద సన్నని డ్రై ఫ్లైలు (నీటిపై తేలేవి) కట్టారు. ఇంటి దగ్గరి చెరువులో బ్లూగిళ్లు అనే చిన్న మంచినీటి చేపలు గుంపుగా వచ్చి ఫ్లైని ముక్కుతో పొడిచి వెళ్లిపోతున్నాయి. దొరికినవి అరచేతిలో సగం కూడా లేవు. ఏ ఫ్లైలు కట్టాలి, ఎలా వేయాలి, పెద్దవి ఎక్కడుంటాయి, ఎనిమిదేళ్ల పాపను వెంట తీసుకువెళ్లవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు: 10వ నంబరు హుక్కు మీద, రబ్బరు కాళ్లతో, నెమ్మదిగా మునిగే ఫ్లై కట్టండి. నీటిలో వేశాక లాగకండి, దిగనివ్వండి. సమయం లేకపోతే ఇంతవరకు చదివినా చాలు. మిగతాదంతా అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే.

నేను మధ్య టెక్సస్‌లో చాలా ఏళ్లుగా పాన్‌ఫిష్ కోసమే ఫ్లైలు కడుతున్నాను. బ్రషీ క్రీక్, శాన్ గేబ్రియల్, లానో నదులు, స్నేహితుల పొలాల్లో పశువుల కోసం తవ్విన చెరువులు నా చోట్లు. పాన్‌ఫిష్ అని ఇక్కడివాళ్లు అనేది ఒక్క జాతిని కాదు. బ్లూగిల్, రెడ్‌ఇయర్, లాంగ్‌ఇయర్, గ్రీన్ సన్‌ఫిష్, క్రాపీ లాంటి చిన్న మంచినీటి చేపలన్నీ అందులోకి వస్తాయి. ఇవి ఎవరైనా పట్టగలిగే చేపలని, వీటి కోసం ఆలోచించి ఫ్లై కట్టనక్కరలేదని చాలామంది అనుకుంటారు. చిన్నవాటి విషయంలో అది నిజమే. ఎనిమిది, తొమ్మిది అంగుళాల బ్లూగిల్ సంగతి వేరు. చెరువులో అంత జాగ్రత్తగా ఎరను పరీక్షించే చేప మరొకటి లేదని నా అభిప్రాయం.

బ్లూగిల్ ఎలా తింటుందో తెలిస్తే ఫ్లై ఎలా కట్టాలో దానంతటదే తెలుస్తుంది. దాని నోరు చిన్నది. ఎరను కరిచి పట్టుకోదు. దగ్గరికి వచ్చి, నోరు చటుక్కున తెరిచి, నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. నచ్చకపోతే అంతే వేగంగా బయటికి ఊదేస్తుంది. పీల్చే ముందు మాత్రం ఆగి చూస్తుంది. పారే నీటిలోని ట్రౌట్‌కు ఆ వెసులుబాటు తక్కువ. ప్రవాహం ఎరను లాక్కుపోతుంది కాబట్టి అది త్వరగా తేల్చుకోవాలి. నిలవ నీటిలోని బ్లూగిల్‌కు ఆ తొందర లేదు. పక్క రెక్కలు ఆడిస్తూ ఒకచోట నిలబడి, అంగుళం దూరం నుంచి ఫ్లైని చూస్తుంది. ఫ్లై గబగబా మునిగిపోతే పట్టించుకోదు. నెమ్మదిగా దిగుతుంటే దానితోపాటు తానూ దిగుతుంది. ఆ సమయంలో కాళ్లు కాస్త కదిలాయా, పీల్చేస్తుంది. అందుకే నేను కట్టే ఫ్లైలు ఏ పురుగులాగా ఉన్నాయని అడిగితే చెప్పలేను. ఎంత వేగంతో దిగుతాయో మాత్రం కచ్చితంగా చెప్పగలను.

ఇక పరిమాణం. ఎర్ల్ వెర్నర్, డొనాల్డ్ హాల్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. బ్లూగిళ్లకు డాఫ్నియా అనే చిన్న నీటి జీవులను వేరువేరు పరిమాణాల్లో ఆహారంగా ఇచ్చారు. ఆహారం తక్కువగా ఉన్నప్పుడు ఎదురుపడిన ప్రతిదాన్నీ తిన్నాయి. సమృద్ధిగా ఉన్నప్పుడు చిన్నవాటిని వదిలేసి పెద్దవాటినే ఎంచుకున్నాయి. మే నెలలో టెక్సస్ చెరువులో తిండికి కొదవ ఉండదు. అలాంటప్పుడు పెద్ద బ్లూగిల్ తన చోటు వదిలి, మీ 18వ నంబరు డ్రై ఫ్లై కోసం పైకి ఎందుకు వస్తుంది? వచ్చేవి గట్టు పక్కన గడ్డిలో దాక్కునే పిల్లలే. వాటి నోటికి ఆ ఫ్లై కూడా పెద్దదే కాబట్టి పొడిచి వదిలేస్తున్నాయి.

హుక్కుల్లో నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. పాన్‌ఫిష్‌కు 8 నుంచి 12 వరకు సరిపోతాయి. ఒకే నంబరు కొనాలంటే 10 కొనండి. ఇందులో చేప క్షేమం కూడా ఉంది. చిన్న హుక్కును బ్లూగిల్ గొంతులోకి పీల్చేస్తుంది, అక్కడి నుంచి తీసేటప్పుడు మొప్పలు దెబ్బతింటాయి. 10వ నంబరు హుక్కు ఎక్కువగా పెదవికే తగులుతుంది.

మొదటి ఫ్లై: మునిగే సాలీడు. ఒక్కటే కట్టే ఓపిక ఉంటే ఇదే కట్టండి. నా పెట్టెలో సగం ఇవే. కావలసినవి: కాస్త పొడవు కాడ ఉన్న 10వ నంబరు నింఫ్ (మునిగే ఫ్లై) హుక్కు, నల్ల దారం, మధ్యస్థమైన మందం ఉన్న చెనిల్ (నూగున్న మెత్తటి దారం), గుండ్రటి సన్న రబ్బరు కాళ్లు, 0.015 అంగుళాల మందం ఉన్న సీసం లేని తీగ.

హుక్కును వైజు అనే పట్టు పనిముట్టులో బిగించి, కాడ అంతటా దారం చుట్టండి. తీగను కాడ నడుమ ఐదారు చుట్లు చుట్టి, దారంతో ముందు వెనుక కదలకుండా కట్టండి. బరువు నడుమనే ఉండాలి, తల దగ్గర కాదు. తల దగ్గర పూస పెడితే ఫ్లై తలకిందులుగా, వేగంగా మునుగుతుంది. నడుమ బరువుంటే పొట్ట కిందికి ఉండేలా అడ్డంగా దిగుతుంది. ఈ రెండింటి మధ్య తేడా గట్టు మీద నుంచి మనకు కనబడదు, కింద నుంచి చూసే చేపకు బాగా కనబడుతుంది. తర్వాత చెనిల్ కొన మీది నూగును గోటితో గీకేసి, లోపలి పోగును వంపు దగ్గర కట్టండి. నూగుతో సహా కడితే అక్కడ ముద్దగా తయారవుతుంది. చెనిల్‌ను కాడలో మూడింట రెండు వంతుల వరకు చుట్టి, అక్కడ ఒక రబ్బరు ముక్కను అడ్డంగా పెట్టి, రెండు వైపులకూ సమానంగా వచ్చేలా కట్టండి. దానికి కాస్త ముందు మరొకటి. రెండు జతల మధ్య చెనిల్ ఒక చుట్టు తిప్పితే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వాలుతాయి. తల దగ్గర దారం ముడి వేసి, అది ఊడకుండా చుక్క హెడ్ సిమెంటు అనే జిగురు పెట్టండి.

కాళ్లు ఒక్కోవైపు హుక్కు పొడవున్నంత ఉంటే చాలు. పొడవైన కాళ్లు నీటిని అడ్డుకుంటాయి కాబట్టి ఫ్లై ఇంకా నెమ్మదిగా దిగుతుంది, అది మంచిదే. కానీ మరీ పొడవైతే చేప కాలి కొసను పట్టి లాగి వదిలేస్తుంది. మీరు చెప్పిన పొడుపులు ఫ్లై మార్చాక కూడా వస్తుంటే, చెరువు దగ్గరే కత్తెరతో కాళ్లు కొద్దికొద్దిగా కత్తిరిస్తూ వేసి చూడండి. కొత్త ఫ్లై కట్టేకన్నా ఇది త్వరగా తేలే పని.

కట్టిన ప్రతి ఫ్లైనీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. పొడవైన గాజు జాడీలో నీళ్లు పోసి, ఫ్లైని వేళ్లతో నీటిలో బాగా పిండి, చెనిల్‌లోని గాలి బుడగలు పోయాక వదలండి. గాలి పోకుండా వదిలితే కాసేపు తేలుతుంది, లెక్క తప్పుతుంది. ఒక అడుగు దిగడానికి మూడు నాలుగు సెకన్లు పడితే నాకు నచ్చిన వేగం. అంతకన్నా వేగంగా పోతే తీగ రెండు చుట్లు తగ్గించండి. తేలుతూ ఉండిపోతే ఒక చుట్టు పెంచండి. మరీ లోతైన చోట్ల కోసం తీగ ఎక్కువ చుట్టినవి కొన్ని కట్టి, గుర్తు కోసం తల దగ్గర వేరే రంగు దారం వాడండి.

రంగు గురించి అందరూ ఎక్కువగా అడుగుతారు, నేను తక్కువగా పట్టించుకుంటాను. వానకు బురదగా ఉన్న నీటిలో నలుపు. తేటగా ఉంటే ముదురు ఆకుపచ్చ లేదా గోధుమ రంగు. పాచి పట్టి పచ్చగా ఉన్న చెరువులో పసుపు. కాళ్లు మాత్రం ఎప్పుడూ తెలుపే కడతాను. ఫ్లై కనబడని లోతులో కూడా తెల్ల కాళ్లు కాసేపు కనబడతాయి. అవి హఠాత్తుగా మాయమయ్యాయంటే ఫ్లై చేప నోట్లో ఉన్నట్టే.

రెండోది: తేలే ఫోమ్ ఫ్లై. పిల్లల బొమ్మల తయారీకి అమ్మే 2 మిల్లీమీటర్ల మందం నల్ల ఫోమ్ షీటు చాలు, ఫ్లై దుకాణంలో ఖరీదు పెట్టి కొనక్కరలేదు. హుక్కు నోరు వెడల్పు ఎంత ఉంటుందో అంత వెడల్పు పట్టీ కత్తిరించండి. కాడ మీద ముందు దారం దట్టంగా చుట్టి, చుక్క సూపర్ గ్లూ వేసి, అప్పుడు ఫోమ్ కట్టండి. లేకపోతే రెండు చేపలకే ఫోమ్ కాడ చుట్టూ తిరిగిపోతుంది. దారం మరీ బిగిస్తే ఫోమ్ తెగుతుంది. కాడ తెగకుండా మల్లెలు కట్టే చేతికి ఈ బిగువు ఎంతుండాలో ముందే తెలుసు. ఫోమ్ కింద నెమలి ఈక పోగులు రెండు మూడు చుడితే పొట్ట మెరుస్తుంది. వీపు మీద నారింజ రంగు ఫోమ్ చిన్న ముక్క కడితే సాయంత్రం మన కంటికి ఆనవాలు. చేపకు అది కనబడదు. ఆకాశం ఎదురుగా దానికి కనబడేది నల్లటి నీడ మాత్రమే కాబట్టి కింది భాగం ముదురుగా ఉంటే చాలు.

ఫోమ్ విషయంలో నేను చూసే ముఖ్యమైన లోపం ఒకటి. అందంగా ఉంటుందని లావుగా కడతారు, హుక్కు మొనకూ ఫోమ్‌కూ మధ్య ఖాళీ మిగలదు. చిన్న నోరున్న చేప దాన్ని పీల్చినా మొన గుచ్చుకోదు. నీటి పైన పెద్ద చప్పుడు, చేతిలో ఏమీ ఉండదు. దుకాణాల్లో అమ్మే పాపర్లలో (నీటిపై చప్పుడు చేసే తేలే ఫ్లైలు) చాలావాటికి ఇదే జబ్బు.

మూడోది: చిన్న వూలీ బగ్గర్. దీన్ని 1967లో పెన్సిల్వేనియాకు చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ రూపొందించాడు. మరబూ అనే మెత్తటి ఈక తోక, చెనిల్ ఒళ్లు, దాని మీద చుట్టిన కోడి ఈక. ట్రౌట్‌కూ, బాస్ అనే పెద్ద చేపకూ కట్టినప్పుడు తోక హుక్కు కాడంత పొడవు పెడతారు. బ్లూగిల్‌కు అందులో సగం. మరబూను కత్తెరతో కత్తిరించకండి, మొద్దుబారిన కుచ్చులా మిగులుతుంది. వేళ్లతో గిల్లితే కొసలు సహజంగా ఉంటాయి. చేపలు లోతుకు పోయినప్పుడు, క్రాపీల కోసం, చలికాలంలోనూ ఇది పనిచేస్తుంది.

చలికాలానికి ఫెజెంట్ పక్షి తోక ఈకతో కట్టే ఫెజెంట్ టెయిల్ నింఫ్ కూడా మంచిదే, 12వ నంబరులో. ఇంగ్లండ్‌లో నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ దీన్ని దారం లేకుండా, సన్నటి రాగి తీగతోనే కట్టేవాడు. మీ కిట్‌లో రాగి తీగ ఉంటే ఆ పద్ధతి ప్రయత్నించండి. బరువూ కట్టూ ఒకే తీగతో అయిపోతాయి.

ఇక మీరు కొన్న కిట్ సంగతి. వైజు, దారపు కండెను పట్టే బాబిన్, కత్తెర పనికొస్తాయి. అందులో వచ్చే గట్టి డ్రై ఫ్లై ఈకలు మాత్రం పాన్‌ఫిష్‌కు అక్కరలేదు. మెత్తగా, నీటిలో ఆడే ఈకలు కావాలి. ఇక్కడి దుకాణాల్లో ఇండియన్ నెక్ అనే పేరుతో మన దేశపు కోడిపుంజుల మెడ ఈకలు తక్కువ ధరకు దొరుకుతాయి. డ్రై ఫ్లైలు కట్టేవాళ్లు వాటిని మెత్తగా ఉన్నాయని పక్కన పెడతారు, మనకు కావలసింది ఆ మెత్తదనమే. ఒక హెచ్చరిక: ఊరెళ్లినప్పుడు అక్కడి నుంచి ఈకలు సూట్‌కేసులో తేవద్దు. నెమలి ఈకల ఎగుమతిని మన దేశం నిషేధించింది. కోడి ఈకల మీద కూడా పక్షి వ్యాధుల కారణంగా ఇక్కడ ఆంక్షలున్నాయి. రెండూ ఇక్కడే చట్టబద్ధంగా చవగ్గా దొరుకుతాయి.

ఇప్పుడు వేయడం. మీ 5వ నంబరు రాడ్డు సరిపోతుంది, కొత్తది కొనవద్దు. తేలే లైను, దాని చివర ఏడున్నర అడుగుల 4ఎక్స్ లీడరు (కొసకు సన్నబడే పారదర్శకమైన దారం). తేలే ఫ్లైకి నైలాన్ టిప్పెట్ (లీడరు కొసన కట్టే సన్న దారం) కట్టండి. ఫ్లూరోకార్బన్ మునుగుతుంది కాబట్టి ఫోమ్ ముక్కును కిందికి లాగుతుంది.

ఫోమ్ ఫ్లై నీటిపై పడగానే వలయాలు లేస్తాయి. ఆ వలయాలు పూర్తిగా పోయేదాకా కదపకండి. పోయాక ఇంకాసేపు ఆగండి. ఫ్లై పడిన చప్పుడుకు పెద్ద బ్లూగిల్ ముందు కాస్త వెనక్కు తగ్గి, తర్వాత చూడటానికి వస్తుంది. మీరు లాగే సమయానికి అది కింద నిలబడి ఉంటుంది. ఇంకా తీసుకోకపోతే రాడ్డు కొన నీటికి ఆనించి, లైనును అర అంగుళం లాగండి. ఫ్లై చోటు మారకూడదు, కాళ్లు మాత్రం వణకాలి. మళ్లీ ఆగండి. బాస్ కోసం చేసినట్టు బుడుంగు బుడుంగుమని లాగితే బాసే వస్తుంది.

మునిగే ఫ్లైకి ఇంకా ఓపిక కావాలి. వేశాక లైనులో వంపులు లేకుండా నెమ్మదిగా సర్ది, లీడరు నీటిలోకి దిగే చోటు మీద చూపు నిలపండి. చేతికి ఏమీ తెలియదు. బ్లూగిల్ పీల్చినప్పుడు ఆ చోట లైను అంగుళం పక్కకు జరుగుతుంది, లేదా దిగుతున్న లీడరు ఆగిపోతుంది. అప్పుడు ఎడమ చేత్తో లైనును ఆరు అంగుళాలు వెనక్కు లాగండి. ట్రౌట్ వీడియోల్లో లాగా రాడ్డును తలపైకి ఎత్తకండి. ఎత్తితే ఫ్లై ఆ చిన్న నోట్లోంచి బయటికి వచ్చి చెట్టు కొమ్మకు చిక్కుతుంది. చేత్తో లాగితే, తప్పినా ఫ్లై చేప ముందే ఉంటుంది, చాలాసార్లు మళ్లీ తీసుకుంటుంది.

గాలి ఉన్న రోజున లైను ఫ్లైని పక్కకు ఈడ్చుకుపోతుంది, మీరు లాగకపోయినా ఫ్లై లాగినట్టే కదులుతుంది. మీకు పొడుపులు ఎక్కువ, చేపలు తక్కువ కావడానికి ఇది కూడా కారణం కావచ్చు. గాలి వీపు వైపు ఉండేలా గట్టు మారండి.

పెద్దవి ఎక్కడుంటాయి? మీరు నిలబడిన గట్టు దగ్గర కాదు. నీటి గడ్డి ముగిసి లోతు మొదలయ్యే అంచున, నాలుగు నుంచి పది అడుగుల లోతులో. పైన చిన్నవి ఆడుతుంటే వాటి అవతల, వాటి కింద ఉంటాయని అనుకుని వేయండి. బ్రషీ క్రీక్‌లో సున్నపురాతి పలకల అంచున నీరు ఒక్కసారిగా లోతు అవుతుంది. నాకు మంచి చేపలు ఆ అంచు నుంచి దిగే ఫ్లైకే వచ్చాయి. పలక మీద ఫ్లైని పడేసి, అంచు దాటించి, లోపలికి జారనిస్తాను. జూలై, ఆగస్టు ఎండల్లో తెల్లవారుజాము, చీకటి పడే వేళ తప్ప మిగతా సమయం వృథా.

నీటి వేడి సుమారు 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 21 సెల్సియస్‌కు చేరాక గుడ్లు పెట్టే కాలం మొదలవుతుంది. మగ చేపలు అడుగున తోకతో ఊడ్చి పళ్లెం లాంటి గుంటలు చేస్తాయి. ఒకే చోట పదుల గుంటలు కనబడతాయి. ముదురు రంగు, నారింజ రొమ్ము ఉన్నది మగది, గూడు కాపలా దానిదే. ఆ సమయంలో ఏ ఫ్లై వేసినా కోపంతో పట్టేస్తుంది. అందుకే అక్కడ నేను ఎక్కువసేపు వేయను. మగదాన్ని తీసిన కొద్దిసేపటికే చుట్టుపక్కల చేపలు గుడ్లను తినేస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. గూడు కట్టకుండా, కాపలా ఉన్న మగవాటి గూళ్లలోకి దూరి తమ పని కానిచ్చుకునే చిన్న మగ బ్లూగిళ్లు ఉంటాయి. కెనడాలోని ఒపినికన్ సరస్సులో వీటిని శాస్త్రవేత్తలు చాలాకాలం అధ్యయనం చేశారు. పెద్ద మగవాటిని జనం పట్టుకుపోయిన చెరువుల్లో మిగతా మగవి చిన్న వయసులోనే, ఒళ్లు ఎదగకముందే గూళ్లకు దిగుతాయి. కొన్నేళ్లకు చెరువు నిండా అరచేతిలో సగం చేపలే మిగులుతాయి. కూరకు కావాలంటే ఆరేడు అంగుళాలవి తీసుకోండి, పెద్దవాటిని వదిలేయండి. ఈ మాట ఎంత మందికి చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

ప్రపంచ రికార్డు బ్లూగిల్ 1950లో అలబామాలోని కెటోనా సరస్సులో దొరికింది. 4 పౌండ్ల 12 ఔన్సులు, అంటే రెండు కిలోలకు పైనే. మీ చెరువులో ముప్పావు పౌండు చేప దొరికితే అదే గొప్ప.

మిగతా జాతుల గురించి క్లుప్తంగా. లాంగ్‌ఇయర్, రెడ్‌బ్రెస్ట్, గ్రీన్ సన్‌ఫిష్‌లు వాగుల్లో రాళ్ల పక్కన ఉంటాయి, బ్లూగిల్ అంత అనుమానం లేదు, పై ఫ్లైలన్నిటికీ వస్తాయి. రెడ్‌ఇయర్ అడుగున తిరుగుతూ గొంతులోని గట్టి పళ్లతో నత్త గుల్లలను నలిపి తింటుంది. దానికి బరువు ఎక్కువ చుట్టిన సాలీడును అడుగుకు దించి, కదపకుండా వదిలేయాలి. క్రాపీ చిన్న చేపలను తింటుంది, మునిగిన చెట్ల కొమ్మల్లో గుంపుగా నిలబడి పైకి చూస్తుంటుంది. తెల్ల బగ్గర్‌ను వాటి తలల పైనుంచి నెమ్మదిగా పోనివ్వండి. దాని నోటి పొర పల్చన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. ఇక్కడి నదుల్లో రియో గ్రాండే సిక్లిడ్ కూడా తగలవచ్చు. ఒంటి నిండా ముత్యాల్లాంటి చుక్కలుంటాయి. అమెరికాకు సహజమైన సిక్లిడ్ ఇదొక్కటే, మన చెరువుల్లోకి వచ్చి స్థిరపడిన జిలేబి చేప కుటుంబమే. అడుగున నింఫ్‌కు వస్తుంది, పరిమాణానికి మించి పోరాడుతుంది.

ఏ చేపనైనా ఒక నీటి నుంచి తీసి మరో నీటిలో వదలకండి. 1960లో షికాగో మేయరు బహుమతిగా ఇచ్చిన బ్లూగిళ్లను అప్పటి జపాన్ యువరాజు అకిహిటో తన దేశానికి తీసుకువెళ్లారు. అవి అక్కడి సరస్సుల్లో వ్యాపించి స్థానిక చేపలను దెబ్బతీశాయి. చక్రవర్తి అయ్యాక, 2007లో ఆయనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డారు.

పాప విషయం. తప్పకుండా తీసుకువెళ్లండి, బ్లూగిల్ కన్నా మంచి మొదటి చేప లేదు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు వారికి లైసెన్సు అక్కరలేదు, మీకు కావాలి. స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పడితే మీకు కూడా అక్కరలేదు. బ్లూగిళ్లకు రాష్ట్రవ్యాప్తంగా సంఖ్య పరిమితి లేదు. క్రాపీకి మామూలుగా 10 అంగుళాల కనీస పొడవు, రోజుకు 25 పరిమితి. కొన్ని నీళ్లకు వేరే నియమాలుంటాయి కాబట్టి వెళ్లే చోటు నియమాలు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. ఇళ్ల మధ్య వాన నీరు చేరే చెరువుల చేపలను నేను తినను. పచ్చికల మీద చల్లిన మందులన్నీ కొట్టుకొచ్చేది అక్కడికే.

పాపకూ మీకూ ఇద్దరికీ వీలైన కట్టు ఇది: ఫోమ్ ఫ్లై హుక్కు వంపుకు రెండడుగుల టిప్పెట్ కట్టి, దాని చివర మునిగే సాలీడు. ఫోమ్ మునిగితే లాగమని చెప్పండి. బెండు చూసి గాలం లాగినవారు కాబట్టి మీకు నేర్పడం తేలిక. పాప చేతికి ఫ్లై రాడ్డు బరువనిపిస్తే మీరు వేసి ఆమె చేతికివ్వండి. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోండి, వెనక్కు వచ్చే ఫ్లై కంటికి ప్రమాదం. హుక్కు ముళ్లను ముందే పటకారుతో నొక్కేయండి. అప్పుడు చేప నోట్లోంచీ, వేలికి గుచ్చుకుంటే వేలిలోంచీ సులువుగా వస్తుంది. చేపను పట్టుకునేటప్పుడు చెయ్యి తడిపి, తల వైపు నుంచి వెనక్కు జార్చితే వీపు ముళ్లు మడుచుకుంటాయి. గట్టు పక్క పొడవాటి గడ్డిలో కాటన్‌మౌత్ అనే విషపు పాములు ఉండవచ్చు, కర్రతో తట్టి ముందు మీరు అడుగు వేయండి.

ఈ వారం సాలీడులే కట్టండి, ఒకే రంగులో, తీగ చుట్లు మాత్రం నాలుగు, ఆరు, ఎనిమిది వేసి. ఏది పనిచేసిందో, మీ చెరువు అంచున లోతు సుమారు ఎంతో, నీరు తేటగా ఉందో పాచి పట్టి ఉందో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి మునిగే వేగం ఎలా మార్చాలో చెబుతాను.